మానసికారోగ్య సంస్థలు: వాని పెద్దల శిక్షణము

విశాఖపట్టణమున వసతిగృహములో నుండి చదువుకొనుచు 2023వ సంవత్సరము జూలైలో మరణించిన పదునేడేండ్ల విద్యార్థినిని గూర్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు 2025 జూలై 25వ తేదీని తీర్పు చెప్పుచు, దేశమందలి విద్యాసంస్థల కెల్ల కొన్ని నియమములను విధించిరి. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు, బాలబాలికల మానసికారోగ్యమున శిక్షణము పొందినట్లు రుజువుగల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సాంఘిక సేవకునో ఒక్కరినైనను నియమింపవలెననుట వానిలో నొకటి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలెను. తగిన చట్టము వచ్చువరకు ఈ నియమములే చట్టమువలె అమలు జరుగవలెనని కూడ కోర్టువారు సెలవిచ్చిరి. తీర్పు మంచిది, రావలసిన కాలమునకు చాల ఆలస్యముగా వచ్చినది. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియెటు ఫలితముల తప్పులతడక అనంతరము ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొన్న వార్తలను చదివినవారెవ్వరును ఈ తీర్పు అనవసరమనలేరు.

కాని నియమించుటకు మనుష్యులు కావలెను గదా. మన రెండు రాష్ట్రములలోను ఉన్న కళాశాలలు, శిక్షణాలయములు, వసతిగృహములు ఎన్ని! వీనిలో పెక్కింటి యజమానులు సొంతముగా నొక నిపుణుని జీతమిచ్చి పెట్టుకొనుటకు బదులు, మానసికారోగ్య సేవ పేరిట వెలసిన యే సంస్థతోనో ఒడంబడిక వ్రాసికొని, ఆ కాగితమును తనిఖీదారులకు చూపుటకే మొగ్గుదురని మా అనుమానము. అందుచేత ఆ సంస్థలను నడుపుచున్న పెద్ద లెవ్వరు, వారు చదివినదేమి, రోగుల నడుమ ఎన్నాళ్లు పనిచేసిరి అను ప్రశ్న నేడు తల్లిదండ్రుల కెల్ల అవసరమైన ప్రశ్న యైనది.

సైకాలజిస్టు అను మాట మన యూళ్ల గోడలమీదను, కరపత్రములలోను, ఫోను తెరలమీదను విరివిగా కనబడుచున్నది. దానిని చూచిన సామాన్యుడు వైద్యుడనియే అనుకొనును. కాని యా మాట చాటున వేర్వేరు శిక్షణములవారు ఎందరో ఉన్నారు. మానసిక వైద్యుడు, అనగా సైకియాట్రిస్టు, మొదట వైద్యవిద్య ముగించి పిమ్మట మనోవ్యాధుల చికిత్సలో పై పట్టమునో డిప్లొమానో పొందినవాడు. మందు వ్రాయువా డితడు. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయడు. 2017వ సంవత్సరపు మానసికారోగ్య చట్టము ఇతని లక్షణమును స్పష్టముగా చెప్పినది: భారత పునరావాస మండలి అంగీకరించిన విద్యాలయమున క్లినికల్ సైకాలజీ పట్టము పొందినవాడైన కావలెను, లేదా మనస్తత్వశాస్త్రమున ఎం.ఏ. వంటి పట్టము ముగించి, అటుపిమ్మట రెండేండ్లు పూర్తికాలము పెద్దల పర్యవేక్షణమున రోగులతో పనిచేసి ఎం.ఫిల్. పొందినవాడైన కావలెను. ఈ పర్యవేక్షణమే ఇందలి ప్రాణము. ఒక రోగి మాటలలో దిగులెంత, ఉన్మాదమెంత, దేహవ్యాధి యెంత అని పోల్చుకొనుట పుస్తకమువలన వచ్చు విద్య కాదు. థైరాయిడు గ్రంథి మందగించుటచేత కలిగిన నిస్పృహను గుర్తింపక నెలల తరబడి ధైర్యము చెప్పుచు కూర్చున్నచో ఆ రోగి గతి యేమగునో చెప్పనక్కరలేదు.

ఇక ఎం.ఏ. పట్టముతోనే ఆగినవారు గలరు. వారు ఆ శాస్త్రమును చక్కగా బోధింపగలరు. కాని వారిలో ఒక్క రోగి సరసన కూర్చుండనివారు కూడ ఉండవచ్చును. పిహెచ్.డి. పొంది పేరునకు ముందు డాక్టరని వ్రాసికొనువారు గలరు. ఆ గౌరవము వారు న్యాయముగా సంపాదించుకొన్నదే. అయినను జ్వరమునకు మందిచ్చు డాక్టరును మాత్రమే యెరిగిన పల్లెవాడు దానిని చూచి భ్రమపడును, భ్రమపడనిచ్చువారును కొందరున్నారు. మానసిక రోగుల కుటుంబములతో పనిచేయుటయందు ఆరితేరిన సాంఘిక సేవకులు గలరు. వీరి విద్యకు మనదేశమున దక్కవలసిన మన్నన దక్కలేదు. కట్టకడపట కొలది వారముల పాఠములతో సర్టిఫికెటు పొంది కౌన్సెలరు లైనవారు గలరు. వీరందరును పనికి మాలినవారని మేమనుటలేదు. ఎవరి పని వారిదని మాత్రమే అనుచున్నాము. ఆ చట్టమే తన 106వ విభాగమున, తన వృత్తిక్షేత్రము అనుమతింపని మందునుగాని చికిత్సనుగాని ఎవ్వరును చెప్పరాదని విధించినది.

చట్టమింత స్పష్టముగా నుండగా చిక్కెక్కడ? సేవాసంస్థ అను ద్వారమున నున్నది. మన రాష్ట్రములలో 2001వ సంవత్సరపు సంఘముల చట్టము క్రింద ఏడుగురు చేరి సంతకములు చేసినచో సంఘము రిజిష్టరగును. ఆ యేడుగురి చదువు నెవ్వరు నడుగరు. సంఘముయొక్క పేరు, ఆశయములు, చిరునామా చాలును. 2017 చట్టము క్రింద అనుమతి పొందవలసినవి రోగులను చేర్చుకొని ఉంచుకొను స్థలములు. కుర్చీలు వేసి మాటలాడి పంపు గది ఆ నిర్వచనములోనికి రాదు. 1992వ సంవత్సరపు పునరావాస మండలి చట్టము, రిజిష్టరులో పేరులేనివారు ఆ వృత్తి చేసినచో ఏడాది వరకు చెర గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునన్నది. వేయి రూపాయలు! ఒక్క పూట సంప్రదింపునకు అంతకంటె ఎక్కువ పుచ్చుకొనువారున్న పట్టణములలో ఆ జరిమానా యెవ్వరిని భయపెట్టగలదు? 2021వ సంవత్సరమున అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము వచ్చి, పునరావాస మండలి పరిధికి వెలుపలనున్న సైకాలజిస్టులను, కౌన్సెలర్లను కూడ తన నీడలోనికి తెచ్చినది. ఆ చట్టము క్రింద పేర్ల నమోదు సక్రమముగా జరిగిననాడు ఈ చిక్కు కొంత తీరును.

ఇట్లనుటచేత వైద్యులు మాత్రమే ఇట్టి సంస్థలకు నాయకులు కావలెనని మా అభిప్రాయమని యెవ్వరు ననుకొనరాదు. మనదేశపు అనుభవము వేరుగా నున్నది. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసుగారు 1910లో వైద్యపట్టము పొంది రోగులను చూచుచుండిన వైద్యులు. ఆ విశ్వవిద్యాలయమున 1916లో మనస్తత్వశాస్త్రమునకు ప్రత్యేకశాఖ తెరవగానే, అంతటి వైద్యుడును మరల విద్యార్థియై బల్లమీద కూర్చుండి 1917లో ఎం.ఎస్‌సి. చదివి, 1921లో డి.ఎస్‌సి. పొందెను. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. ఆ సంఘము పక్షమున 1940లో లుంబినీ పార్కు చికిత్సాలయము వెలసినది. దానికి స్థలము నిచ్చినవారు ఆయన యన్నగారును, వంగభాషలో ప్రసిద్ధ హాస్యరచయితయు నైన రాజశేఖర బోసుగారు. తమ్ముని చదువునకు అన్న యిచ్చిన విలువ అది. మన దాతలలో ఎందరు తమ దానమును పుచ్చుకొనువాని చదువును విచారించినారో మాకు తెలియదు.

చెన్నపట్టణమున శారదా మేనోను గారి వృత్తాంతము మరియొక విధము. ఆమె 1961 మొదలు 1978 వరకు కీల్పాక్కము మానసిక వైద్యశాలకు అధ్యక్షురాలుగా నుండి, ఉద్యోగవిరామము తరువాత 1984లో స్కార్ఫు అను సంస్థను నెలకొల్పిరి. ఆసుపత్రిలో వ్యాధి నెమ్మదించిన పిమ్మట రోగికి ఇల్లు, పని, తోడు లేకున్నచో ఏమగునో అన్నియేండ్లు కన్నులార చూచినవారు గనుక, స్కిజోఫ్రీనియా రోగుల పునరావాసమే ఆ సంస్థకు ముఖ్యవిషయమైనది. పెద్దల పూర్వవృత్తి సంస్థ నడకను నిర్ణయించు ననుటకు ఇంతకు మించిన నిదర్శనము లేదు. అదే పట్టణమున 1986లో స్నేహ అను ఆత్మహత్యా నివారణ సంస్థను స్థాపించిన లక్ష్మీ విజయకుమారు గారు మానసిక వైద్యురాలు. కాని అచ్చట ఫోను తీసి వినువారు శిక్షణపొందిన స్వచ్ఛంద సేవకులు. వారు తమను సేవకులనియే చెప్పుకొందురు, వైద్యులమనరు. 1993లో వీథులపాలైన స్త్రీలకొరకు బన్యన్ సంస్థను స్థాపించినవారు వైద్యులే కారు, ఇద్దరు యువతులు. అందులో వందనా గోపికుమారు గారిది సాంఘిక సేవాశాస్త్రము. తమకు రాని పనికి వారు వైద్యులను పిలిపించుకొనిరి.

కొందరు మిత్రులు మాతో వాదించుచు, నిపుణులు కఱవైన యీ దేశమున అర్హతలను పట్టి చూచినచో ఉన్న కొలది సేవయు మూతపడునందురు. వాదము త్రోసివేయదగినది కాదు. బెంగుళూరు నిమ్‌హాన్సువారు 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన పరిశీలనలో, పెద్దవారిలో నూటికి 10.6 మంది మనోవ్యాధితో నున్నట్లు తేలినది. చికిత్స లేనివారే హెచ్చు. (ఆ పండ్రెండింటిలో ఆంధ్రప్రదేశముగాని తెలంగాణముగాని లేకపోవుట మనవారు గమనింపవలసిన సంగతి.) కాని ఈ వాదమునకు సమాధానము గోవాలో నున్నది. అచ్చట 1996లో ఏర్పడిన సంగాత్ సంస్థ, మానసిక వైద్యులైన విక్రం పటేలుగారు మొదలగువారి యాజమాన్యమున, వైద్యపట్టములేని స్థానికులకు శిక్షణమిచ్చి, ప్రాథమిక వైద్యశాలలలో తీవ్రమైన దిగులుతో బాధపడువారికి ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు మాటల చికిత్స చేయించినది. 2017లో లాన్సెటు పత్రికలో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి, మూడు నెలలకు ఆ చికిత్స పొందినవారిలో నూటికి 64 మందికి వ్యాధి తగ్గగా, మామూలు ఏర్పాటులోని వారిలో 39 మందికి మాత్రమే తగ్గినది. పట్టములేనివారును పని చేయగలరనుటకు ఇది సాక్ష్యము. అయితే వారికి నేర్పిన దెవరు, తప్పినపుడు దిద్దిన దెవరు, తమకు మించిన రోగిని వారెక్కడికి పంపుచుండిరి అనునవి యన్నియు ఆ పద్ధతిలో ముందుగా వ్రాయబడియున్నవి. మన యూళ్ల సంస్థలలో కొరవడినది పట్టము కాదు, ఈ వ్రాత.

కావున మేము కోరునది స్వల్పము. మానసికారోగ్య సేవ చేయు ప్రతి సంస్థయు తన పెద్దలలో ఎవరు వైద్యులు, ఎవరు క్లినికల్ సైకాలజిస్టులు, ఎవరు కేవలము ధర్మకర్తలు అను సంగతిని, వారి పట్టము, విద్యాలయము, రిజిష్టరు సంఖ్యలతో గుమ్మమునందే తెలుగున వ్రాసి యుంచవలెను. ఎవరి పర్యవేక్షణమున ఎవరు పనిచేయుచున్నారో చెప్పవలెను. తెలుగులో రోగితో మాటాడగలవారెందరో కూడ తెలుపవలెను. మనసు బాగులేదనుటకు బదులు నరముల బలహీనత యనియు, గుండెదడ యనియు చెప్పుకొను మన రైతుకుటుంబముల భాష ఇంగ్లీషు ప్రశ్నపత్రములలో దొరకదు. కళాశాలల తనిఖీకి పోవు అధికారులు ఒడంబడిక కాగితముతో తృప్తిపడక, వచ్చి కూర్చుండు మనిషి యెవరో, అతని పేరు ఏ రిజిష్టరులో నున్నదో చూడవలెను.

మన పాఠకులలో భూవసతి గలవారు చాలమంది. ఎకరము పొలము కొనవలెనన్నచో పూర్వపు దస్తావేజులన్నియు తెప్పించి, ఇ.సి. తీయించి, అడంగలు చూచి, సరిహద్దు రైతులను విచారించి గాని వారు బయానా ఇయ్యరు. అట్టివారు కొడుకును కూతురును వసతిగృహమున విడిచి వచ్చునపుడు, అచ్చటి కౌన్సెలరు ఏమి చదివినాడని ప్రిన్సిపాలు నడుగుటకు మొగమాటపడుచున్నారు. రానున్న ప్రవేశములనాటినుండి ఆ ప్రశ్న ఫీజు కట్టుటకు ముందే వేయవలెను. సేవాసంస్థలకు వేలును లక్షలును చందా లిచ్చు వర్తకులును చెక్కు వ్రాయుటకు ముందు ఇదే ప్రశ్న వేయవచ్చును.

ఈలోపల ఏ యింటనైనను పిల్లలు గాని పెద్దలు గాని బ్రతుకుమీద విసిగి మాటాడుచున్నచో, సంస్థల మంచిచెడ్డలు తేలువరకు కాచుకొనవలసిన పనిలేదు. కేంద్రప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీని ప్రారంభించిన టెలిమానస్ ఫోను 14416 రేయింబవళ్లు పనిచేయుచున్నది. తెలుగున మాటాడవచ్చును, రుసుము లేదు.