మన మీటరు లోపలి లెక్క మనకు చూపించాలి!

తోటి విద్యుత్ వినియోగదారులారా!

2017 ఏప్రిల్‌లో బిట్‌కాయిన్ మైనింగ్ చేసేవాళ్లలో, అంటే కంప్యూటర్లతో ఆ డిజిటల్ నాణేలు తవ్వేవాళ్లలో గగ్గోలు పుట్టింది. బిట్‌మెయిన్ కంపెనీ అమ్మిన యాంట్‌మైనర్ యంత్రాలు కొన్ని నిమిషాలకోసారి కంపెనీ సర్వరుకు తమ సీరియల్ నంబరు పంపుతున్నాయనీ, సర్వరు కాదంటే పని ఆపేసేలా వాటి ప్రోగ్రాం రాసి ఉందనీ బయటపడింది. దొంగతనానికి గురైన యంత్రాలను ఆపడానికే పెట్టామని కంపెనీ సంజాయిషీ ఇచ్చుకుని, ఆ భాగం తీసేసిన ప్రోగ్రాం విడుదల చేసింది. గుట్టు ఎలా రట్టయింది? ఆ ప్రోగ్రాంకు మూలం సీజీమైనర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. కోడ్ అందరి కళ్లముందూ ఉంది కనుక చదివినవాళ్లు పట్టేశారు.

ఇప్పుడు మన గోడ మీది మీటరు సంగతికి వద్దాం. కేంద్రం 2021లో తెచ్చిన ఆర్‌డీఎస్ఎస్ (విద్యుత్ పంపిణీ రంగ పునరుద్ధరణ) పథకం కింద దేశమంతటా ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టిస్తున్నారు. బ్యాలెన్స్ అయిపోతే లైన్‌మన్ గడప తొక్కకుండానే కరెంటు తీసేసే స్విచ్చి వాటి లోపలే ఉంటుంది. ఆ స్విచ్చిని నడిపే ప్రోగ్రాం మనలో ఎవరు చూశారు?

మైనింగ్‌లోనే ఇంకో ఉదాహరణ చూద్దాం. మొనెరో అనే డిజిటల్ నాణేలు తవ్వే ఎక్స్‌ఎమ్‌రిగ్ ప్రోగ్రాం, మనం మార్చకపోతే, నూరు నిమిషాల్లో ఒక నిమిషం పనిని దాన్ని తయారుచేసినవాళ్లకు విరాళంగా ఇస్తుంది. ఆ సంగతి కోడ్‌లో ఒక అంకెగా రాసి ఉంది. ఇష్టం లేనివాళ్లు దాన్ని సున్నా చేసుకోవచ్చు. మన ప్రీపెయిడ్ ఖాతాలో రోజూ కోసే డబ్బు ఏ లెక్కన కోస్తున్నారో అలా వేలుపెట్టి చూపించగలరా?

కోడ్ బయటపెడితే దొంగలకు దారి చూపినట్టేనని అధికారులు అనవచ్చు. ఇతర దేశాల అనుభవం వేరే మాట చెబుతోంది. అమెరికాలో చాలా మీటర్లు రీడింగును ఎన్‌క్రిప్షన్ (రహస్య సంకేతాలుగా మార్చడం) లేకుండానే రేడియోలో పంపుతాయి. టీవీ చూడటానికి చేసిన చవక డాంగిల్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఆర్‌టీఎల్‌ఏఎమ్‌ఆర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం నడిపితే చాలు, చుట్టుపక్కల మీటర్ల నంబర్లు, రీడింగులు తెర మీద వరసగా పడతాయి. ఏ ఇంట్లో వాడకం పడిపోయిందో, అంటే ఎవరు ఊళ్లో లేరో కూడా పసిగట్టవచ్చు. తప్పు ఆ ప్రోగ్రాంది కాదు, రీడింగును బట్టబయలుగా గాల్లోకి వదిలినవాళ్లది.

యూరప్‌లో వైర్‌లెస్ ఎం-బస్ అనే రేడియో పద్ధతిలో రీడింగు పంపే మీటర్లను చదివే డబ్ల్యూఎంబస్‌మీటర్స్ ప్రోగ్రాం కూడా ఓపెన్ సోర్సే. కానీ అక్కడ ఎన్‌క్రిప్షన్ ఉన్న మీటరును చదవాలంటే దాని కీ చేతిలో ఉండాలి. తాళం ఎలా పనిచేస్తుందో ఊరంతటికీ తెలిసినా, తాళంచెవి ఉన్నవాడే తలుపు తీయగలడు. మనకు కావలసిన పద్ధతి ఇదే.

మనం కొత్తగా గొంతెమ్మ కోరికలేమీ కోరడం లేదు. ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. వాడకం వివరాలు వినియోగదారుకు అందుబాటులో ఉంచాలని 2020 నాటి వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. అయితే యాప్‌లో కనిపించేది డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) చెప్పిన అంకె మాత్రమే. దాన్ని సరిచూసుకునే వీలు మన చేతికి రావాలి.

మన డిమాండ్లు:

1. మీటరులో నడిచే ప్రోగ్రాం, ప్రీపెయిడ్ లెక్కకట్టే ప్రోగ్రాం సోర్స్ కోడ్ ప్రజల ముందుంచాలి. ఇకపై టెండర్లలో దీన్ని షరతుగా రాయాలి.

2. మీటరు పంపే ప్రతి రీడింగూ ఎన్‌క్రిప్ట్ కావాలి. ఏ రెండు మీటర్లకూ ఒకే కీ ఉండకూడదు.

3. ఎవరి మీటరు చదివే కీ వారికివ్వాలి. అది చదవడానికే పనికిరావాలి, స్విచ్చి జోలికి పోకూడదు. మీటరు ముందున్న ఆప్టికల్ పోర్టు నుంచి రీడింగు తీసుకుని యాప్‌తో పోల్చుకునే వీలుండాలి.

4. కరెంటు తీసిన ప్రతిసారీ ఎప్పుడు, ఎవరి ఆదేశంతో, ఏ కారణంతో తీశారో వినియోగదారుకు తెలపాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ విద్యుత్ నియంత్రణ మండళ్లు చార్జీలు ఖరారు చేసే ముందు అభ్యంతరాలు స్వీకరించి బహిరంగ విచారణ జరుపుతాయి. ఈసారి యూనిట్ ధరతో పాటు ఈ నాలుగు డిమాండ్లూ రాసి పంపండి. అపార్ట్‌మెంట్ సంఘాలు, రైతు సంఘాలు, వర్తక సంఘాలు తీర్మానాలు చేయండి. విచారణకు వెళ్లి నోరు విప్పి అడగండి.

మీటరు మా గోడ మీద – లెక్క మా కళ్ల ముందు!

ఇట్లు,
మీ తోటి వినియోగదారులు