షంషేర్ ఖాన్‌కు ఆ ఐదో స్థానం అక్కర్లేదు

మా ఇంట్లో పిల్లల్ని ఈతకు పంపేటప్పుడు షంషేర్ ఖాన్ పేరు చెప్తాం. అప్పటి గుంటూరు జిల్లాలో రేపల్లె దగ్గర కైతేపల్లి ఆయనది. సైన్యంలో చేరి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదారు. 2017లో పోయినప్పుడు పేపర్లలో "ఒలింపిక్స్‌లో ఐదో స్థానం" అని రాశారు. మేమూ అదే చెప్పుకుంటూ వచ్చాం.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, సరిచూడకుండా ఉండలేం. ఆ ఫైనల్లో బంగారం అమెరికాకు చెందిన విలియం యార్జిక్‌ది. ఐదో స్థానం ఆస్ట్రేలియా ఈతగాడు జాన్ మార్షల్‌ది. మన షంషేర్ ఖాన్ హీట్స్ దాటలేదు.

ఇది చెప్తే మా మామయ్యకు కోపం వచ్చింది. "బెంగళూరులో కూర్చుని మనవాళ్ళనే తగ్గిస్తావేంట్రా?" అన్నారు.

తగ్గించడం కాదు మామయ్యా. బటర్‌ఫ్లైని ఒలింపిక్స్‌లో వేరే పోటీగా పెట్టిందే ఆ ఏడాది. అంతకుముందు దాన్ని బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనే కలిపి ఈదేవారు. రెండు చేతులూ ఒకేసారి నీళ్ళపైకి లేపుతూ 200 మీటర్లు! మేము మామూలు ఈతలోనే 25 మీటర్లకి గోడ పట్టుకుంటాం. అలాంటి పోటీలో కృష్ణా డెల్టా పల్లెటూరి సిపాయి దేశం తరఫున దిగారు. ఇది చాలదా?

లేని స్థానం అంటగడితే రేపు పిల్లలు గూగుల్‌లో చూసి మొత్తం కథే అబద్ధం అనుకుంటారు. మేము చదివిన కన్నడ మీడియం పుస్తకాల్లో ఆయన లేరు, మా పిల్లల పుస్తకాల్లోనూ లేరు. ఇంట్లో మనం చెప్పేదే వాళ్ళకు ఆధారం. అందుకే ఇకమీదట "ఫైనల్ చేరలేదు" అని కూడా కలిపే చెప్తాం.

మామయ్య మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.