జవాబు చెప్పవలసిన వారెవరు?

కౌమారము ప్రశ్నల ప్రాయము. ‘నేనెవరను?’ అను ప్రశ్న పదమూడు, పదునాలుగేండ్ల వయస్సున ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును కలుగును. దానికి సమాధానమును తల్లిదండ్రుల మాటలలో కంటె తోటివారి చూపులలో వెదకుకొనుట ఆ ప్రాయమునకు సహజము. పెక్కుమందికి ఆ సమాధానము మెల్లమెల్లగా, వారికి తెలియకుండనే లభించును. ముస్లిం విద్యార్థి విషయము వేరు. అతడు తన్ను తాను ప్రశ్నించుకొనుటకు ముందే ఇతరులు అతనిని ప్రశ్నించుచున్నారు. క్రికెట్ పందెము జరిగిన మరునాడు ‘నీవు ఎవరి పక్షము?’ అని యొకడు అడుగును. ఎక్కడనో బాంబు ప్రేలిన వార్త వచ్చినచో ‘మీవాళ్లే గదా!’ అని మరియొకడు నవ్వును. మధ్యాహ్నము అన్నపు డబ్బా మూత తీయగానే ముక్కు మూసుకొనువాడు ఇంకొకడు. వీనిలో ఏ యొక్కటియు పెద్ద నేరముగ కనబడదు. ‘పిల్లల వేళాకోళము’ అని పెద్దలు త్రోసివేయుదురు. కాని ప్రతిదినము పడు చినుకు రాతినైనను తొలుచును.

ఇది ఊహాజనితమైన బాధ కాదు. నాజియా ఇరుమ్ అను రచయిత్రి 12 నగరములలో 145 ముస్లిం కుటుంబములతో సంభాషించి ‘మదరింగ్ ఎ ముస్లిం’ అను గ్రంథమును రచించినది. 2018 ఆరంభమున పాఠకలోకము దృష్టికి వచ్చిన ఆ గ్రంథము చెప్పునది పేదల వాడలలోని బడులను గురించి కాదు; కలిగినవారి పిల్లలు చదువు పాఠశాలలను గురించి. అచ్చటి బాలురు సైతము ‘పాకిస్థానీ’ అనియు, ‘ఉగ్రవాది’ అనియు తోటివారిచే పిలిపించుకొనుచున్నారు. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశమునందలి ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక ముస్లిం బాలుని చెంపపై కొట్టుడని ఉపాధ్యాయురాలే సహవిద్యార్థులకు చెప్పుట దేశమంతయు చూచినది. ఆ వ్యవహారము సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. కొట్టించుకొన్న బాలుడు ఒక్కడే గాయపడెనని తలచుట పొరపాటు. పెద్దల యాజ్ఞపై తోటివానిపై చేయి చేసికొన్న పసివారు నేర్చుకొన్న పాఠమును కూడ లెక్కింపవలెను.

ఇట్టి స్థితిలో పడిన పిల్లల యెదుట మూడు త్రోవలు కనబడును. పేరును కుదించి, కప్పిపుచ్చుకొని, తనపై వేసిన పరిహాసమునకు అందరికంటె ముందు తానే నవ్వుట మొదటిది. ప్రతి మాటకును కయ్యమునకు దిగి, తుదకు ‘దుడుకువాడు’ అను పేరు తెచ్చుకొనుట రెండవది. తనవారితో మాత్రమే కూడి మెలగుట మూడవది. ఈ మూడవ త్రోవయందు శాంతి కలదని తోచును గాని అచ్చట వేరొక పరీక్ష కాచుకొనియుండును. ‘ఉపవాసములన్నియు ఉన్నావా? వారి పండుగకు ఏల పోయితివి? ఉర్దూ సరిగా రాదేమి?’ అను ప్రశ్నలు అచ్చట ఎదురగును. ఒకవైపువారికి అతడు మితిమీరిన ముస్లిం. రెండవవైపువారికి చాలీచాలని ముస్లిం. బాలికల బాధ మరింత తీవ్రము. తలపై గుడ్డ కప్పుకొన్నచో ఒకరు, కప్పుకొననిచో మరియొకరు ఆమెను విచారించుచునే యుందురు. 2022లో ఉడుపిలో మొదలైన వివాదమునందు కర్ణాటక హైకోర్టు మార్చి 15న తీర్పు చెప్పినది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిరువురు పరస్పర భిన్నములైన తీర్పులిచ్చిరి. న్యాయశాస్త్ర కోవిదులకే ఏకాభిప్రాయము కుదరని ప్రశ్నను పదునారేండ్ల బాలిక తరగతి గుమ్మము వద్ద ఒంటరిగా ఎదుర్కొనవలసి వచ్చినది.

తెలుగునాట ఈ సమస్యకు మరియొక రూపము కలదు. ‘నీవు తెలుగు ఎంత చక్కగా మాట్లాడుచున్నావు!’ అను మెప్పు అది. పలికినవారి మనస్సులో దోషము లేకపోవచ్చును. కాని దాని లోపలి యర్థము ‘ఈ భాష నీది కాదు సుమా’ అని. తరతరములుగా తెలుగే ఇంటిభాషగా గల దూదేకుల కుటుంబములు ఈ నేలపై వేలకొలది కలవు. ఇంట ఉర్దూ పలుకు కుటుంబముల పిల్లలకును వీథిలోను, బజారులోను తెలుగే తోడు. పిఠాపురమున 1885లో జన్మించిన ఉమర్ ఆలీషా తెలుగు పద్యమున ప్రసిద్ధి గాంచినాడు. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరము శ్రీరంగము వరకు వినిపించినది. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వెలువడి, పుట్టుకయే నేరముగ చూపబడువాని వేదనను తెలుగు కవిత్వమునకు ఎరుకపరచినది. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారము లభించినది. అంతయేల? ఉపాధ్యాయుడు ఉదయముననే తీసికొను ‘హాజరు’, విద్యార్థి చెప్పు ‘జవాబు’, వ్రాయు ‘కాగితము’, కూర్చుండు ‘కుర్చీ’ — ఈ మాటలన్నియు అరబ్బీ, పారసీకముల నుండి నడచివచ్చి తెలుగు పలుకుబడిలో కలిసిపోయినవే. వానిని ఇచ్చటివి కావని ఎవరును వెలివేయలేదు. మాటకు దక్కిన ఆతిథ్యము మనిషికి దక్కకపోవుట భాషాభిమానులకు శోభింపదు.

అయినను ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఇట్టి మహనీయుల పట్టికను చూపి ‘వీరివలె మీరును ఉండుడు’ అని పిల్లలకు ఉపదేశించుట మేలుకంటె కీడే చేయును. గౌరవము పొందుటకు కవి కానక్కరలేదు, విద్వాంసుడు కానక్కరలేదు, శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. లెక్కలలో వెనుకబడు బాలునికి, అల్లరి చేయు బాలునికి, బెరుకు బాలికకు కూడ తరగతిలో సమానమైన చోటు కావలెను. ఘనతను అద్దెగా చెల్లించిననే దక్కు చోటు సొంత ఇల్లు కానేరదు.

అబ్దుల్ కలాం 1999లో వెలువడిన ఆత్మకథ ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’లో రామేశ్వరమునందలి తన బాల్యఘట్ట మొకటి చెప్పినాడు. అయిదవ తరగతిలో ముందు బల్లపై అతని సరసన కూర్చుండువాడు ఆలయార్చకుని కుమారుడు రామనాథశాస్త్రి. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు అది సహింపక, టోపీ పెట్టుకొన్న బాలుని వెనుక బల్లకు పంపినాడు. మిత్రులిరువురు మిక్కిలి బాధపడిరి. సంగతి విన్న లక్ష్మణశాస్త్రి ఆ ఉపాధ్యాయుని పిలిపించి, పసిమనస్సులలో విషము నాటవలదని గట్టిగా మందలించినాడు. ఉపాధ్యాయుడు పశ్చాత్తాపపడి మారినాడు. ఈ ఘట్టమును మతసామరస్యమునకు నిదర్శనముగ పలువురు చెప్పుచుందురు. కాని గమనింపవలసిన సూక్ష్మము వేరు. అచ్చట వాదించినది ఆ బాలుడు కాదు. తన మతము మంచిదనియు, తాను మంచివాడననియు నిరూపించుకొన్నవాడు కాదు. జవాబు చెప్పినది పెద్దవాడు. అందులోను, ఎవరి పేరిట ఆ యన్యాయము జరిగెనో వారిలోని పెద్దవాడు.

ఉపాధ్యాయులు గ్రహింపవలసిన మొదటి సూత్రము ఇదియే. దేశములో ఎచ్చట ఏమి జరిగినను తరగతిలోని ముస్లిం విద్యార్థివైపు తిరిగి ‘నీవేమందువు?’ అని అడుగరాదు. అతడు విద్యార్థి, ఒక సమాజమునకు వకీలు కాడు. అతని పేరును తప్పు లేకుండ పలుకుట నేర్చుకొనవలెను. అవమానకరమైన మాట వినబడిననాడే, అది ‘తమాషా’ కాదని స్పష్టముగ చెప్పవలెను. అట్లు చెప్పునపుడు బాధపడినవానిని పదిమంది యెదుట నిలువబెట్టక, అన్నవానిని వేరుగ పిలిచి మాట్లాడవలెను. రంజాను మాసమున ఉపవాసమున్న పిల్లలకు ఎండలో వ్యాయామము తప్పింపవలెను. ఉపవాసములేనివానిని కారణమడుగుటయు మానవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడ నిషేధించినదని ప్రధానోపాధ్యాయులు మరువరాదు.

తల్లిదండ్రుల బాధ్యత తక్కువ కాదు. ఇంటికి వచ్చి ముభావముగ కూర్చున్న బిడ్డకు ‘పట్టించుకొనకు’ అని చెప్పుట సులభము. కాని ఆ మాటతో బిడ్డ నోరు మూతపడును; మరునాటి నుండి ఏమియు చెప్పడు. మొదట వినవలెను, పిమ్మట బడికి వెళ్లి మాట్లాడవలెను. మతమును గురించి, ఆచారమును గురించి బిడ్డ సందేహములు అడిగినచో కోపగింపక సమాధానమీయవలెను. ఇంట ప్రశ్నకు తావున్న బిడ్డ వెలుపలి ప్రశ్నలకు బెదరడు. ఆకతాయి స్నేహములకు గాని, ఆవేశపూరితములైన బోధలకు గాని తేలికగ లొంగడు.

ఇక మిగిలినవారు తోటి విద్యార్థులు. తరగతిలో ఒకడు పరిహసించును, ఒకడు బాధపడును. తక్కిన నలువదిమంది చూచుచుందురు. పరిహాసమునకు బలమిచ్చునది ఆ నలువదిమంది నవ్వే. వారిలో ఒక్కడు నవ్వక తన డబ్బాతో వచ్చి ప్రక్కన కూర్చున్నచో ఆ పూట సగము బరువు దిగిపోవును. ఆ యొక్కనిని తయారు చేయుట ఏ పాఠ్యప్రణాళికలోను లేదు; అది పెద్దల నడతను చూచి పిల్లలు నేర్చుకొను విద్య. హాజరు పట్టీలో ముస్లిం బాలుని పేరు వచ్చినపుడు అతడు చెప్పవలసిన జవాబు ఒక్కటే — తాను వచ్చితినని. అంతకు మించిన జవాబులన్నియు పెద్దలు చెప్పవలసినవి.