పొద్దుటి కార్టిసాల్

పటాన్‌చెరు బడుల్లో ఒడిశా, బిహార్ నుంచి ఫ్యాక్టరీ పనులకొచ్చిన కుటుంబాల పిల్లలూ ఉంటారు. వాళ్లకు తెలుగు అక్షరాలు దిద్దించడమే పెద్ద పని. 2024 నవంబరులో తెలంగాణ అంతటా ప్రైమరీ టీచర్లు ఒంటిపూట బడి ముగించి, ప్రభుత్వ కులగణన కోసం ఇంటింటి సర్వేకు కూడా తిరిగారు.

ఇన్ని పనుల ఒత్తిడి తలనొప్పితోనే ఆగదు. నిద్ర లేచిన అరగంటలో పెరిగే కార్టిసాల్ హార్మోను రాత్రికి తగ్గాలి. ఏళ్ల తరబడి ఒత్తిడి సాగితే ఈ లయ తప్పవచ్చు; నిద్ర, రక్తంలో చక్కెర, నెలసరి కూడా గాడి తప్పవచ్చు.

జర్మనీలో 66 మంది టీచర్ల లాలాజలాన్ని పరీక్షించి 1999లో ప్రచురించిన అధ్యయనం చిత్రమైన సంగతి చెప్పింది. ఒత్తిడి ఎక్కువన్నవారిలో పొద్దుటి కార్టిసాల్ బాగా పెరిగింది. బాగా డీలాపడ్డవారిలో మాత్రం కార్టిసాల్ తక్కువగా ఉంది! కాబట్టి ఒక్క కార్టిసాల్ రిపోర్టు చూసి టీచరమ్మ కులాసాగా ఉందనలేం.

బోధనేతర పనులు తగ్గించమన్న టీచర్ల కోరికను విద్యాశాఖ ఆరోగ్య సమస్యగానూ చూడాలి.