పొయ్యి దగ్గరి బడి



"మేము చదువుకోలేదు, పిల్లలకు ఏమి నేర్పగలము?" అని మన పల్లె సంఘాలలో చాలామంది తల్లులు అంటారు. అమ్మా, మాటలు నేర్పుటకు పలకా బలపమూ అక్కరలేదు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో మోషే కూడా తల్లిదండ్రులకు బడి కట్టుమని చెప్పలేదు. ఇంటి పనిలో, దారి నడకలో, రోజంతా జరిగే మాటలతోనే బిడ్డలకు నేర్పమన్నాడు.

బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతున్నది. అంటే పంతులు చేతికి రాకముందే, మీ చేతిలో ఉన్నప్పుడే.

జొన్నరొట్టె చేసేటప్పుడు బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని చేస్తున్న పని చెప్పండి. "పిండిల వేడినీళ్లు పోస్తున్న. ఇగ పిసుకుదాం. పెంక కాలింది, ముట్టకు." బిడ్డ "పాలు" అంటే, "అవును బిడ్డా, బర్రె పాలు. వేడిగ ఉన్నయి, ఊది తాగుదాం" అనండి. ఒక మాటకు నాలుగు మాటలు చేరుతాయి. బట్టలు మడిచేటప్పుడు "ఈ అంగీ ఎవరిది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. ఉల్లిగడ్డలు ఎంచమనండి. తండ్రులారా, బావి దగ్గరికి పోయేటప్పుడు బిడ్డను వెంట తీసుకొనిపోయి చెట్టు పేరు, పిట్ట పేరు చెప్పండి.

ఏడ్చే బిడ్డకు సెల్‌ఫోను ఇస్తే ఊరకుంటాడు, నిజమే. కాని ఫోను తాను మాట్లాడుతుందే గాని, బిడ్డ మాటకు జవాబు చెప్పదు.

మన యాస అని సిగ్గుపడకండి. ఇంట్లో బర్రె అని నేర్చిన బిడ్డ బడిలో గేదె అని సులభంగా నేర్చుకుంటాడు. దేవరకొండ వైపు తండాలలోని తల్లులు తమ లంబాడీ మాటలోనే మాట్లాడవచ్చు.

ఒక హెచ్చరిక. ఏడాది నిండినా పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేకపోయినా, "వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని ఊరుకోకండి. చెవి వినబడకపోవచ్చు. అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ప్రార్థన చేయండి, పరీక్ష కూడా చేయించండి.

పాలమూరు నుండి పనులకు ముంబయి, పుణె పోయిన తల్లిదండ్రుల బిడ్డలు అవ్వల దగ్గర పెరుగుతున్నారు. అవ్వలారా, మీ పని చిన్నది కాదు. తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాసినప్పుడు పౌలు అతని అవ్వ లోయి పేరే ముందు చెప్పాడు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పెద్దలు ముగించకముందు బిడ్డను అడగండి: "ఈ దినము దేవునికి దేని కొరకు వందనాలు చెబుదాం?" వాడు "రొట్టె" అన్నా చాలు. అందరూ ఆమేన్ అనండి.