అడవిలో ఎవరి హద్దు వారిది

నల్లమలలో పులులెన్ని? గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల్లో తరచూ వినవచ్చే ప్రశ్న ఇది. 2022 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నాయి. వాటిలో అత్యధికం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోనివే. అయితే అవి ఆ అడవిని ఎలా పంచుకున్నాయన్నది అంతకంటే అవసరమైన ప్రశ్న.

ఒక ప్రాంతంలో జీవించే ఒకే జాతి ప్రాణుల సముదాయాన్ని శాస్త్రజ్ఞులు ‘జనాభా’ అంటారు. జంతువులూ పక్షులూ మీవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (6:38) తెలుపుతోంది. దీనిని జీవశాస్త్ర పాఠంగా చూపి గర్వించడం మాకు సమ్మతం కాదు. అది మన బాధ్యతను గుర్తుచేసే మాట.

చుక్కల దుప్పులు నీరూ పచ్చికా ఉన్న చోట గుంపులుగా మేస్తాయి. పది జతల కళ్లుంటే శత్రువు త్వరగా కనబడుతుంది. పులి అలా కాదు, ఒంటరిది. ఆడపులి తనకూ తన కూనలకూ చాలినంత వేట దొరికే మేరను తన హద్దుగా చేసుకుంటుంది. చెట్ల మీది గోళ్ల గీతలు, మూత్రపు వాసన దానికి సరిహద్దు రాళ్లు. ఒక మగపులి హద్దులో రెండు మూడు ఆడపులుల హద్దులు ఇమిడి ఉండవచ్చు. వేట సమృద్ధిగా ఉంటే హద్దు చిన్నది, కొరవడితే పెద్దది. అందువల్ల ఒక్క చెట్టూ కొట్టకపోయినా, దుప్పులు తగ్గితే పులులకు చోటు తగ్గినట్లే.

రెండేళ్లు నిండే వేళకు పులికూన తల్లి హద్దును విడిచి తన చోటు వెతుక్కోవాలి. నల్లమల నుండి దక్షిణాన లంకమల, శేషాచలం వైపు సాగే దారిలో ఊళ్లున్నాయి, చేలున్నాయి, రోడ్లున్నాయి. ఊరి అంచున కనబడే పులి చాలాసార్లు ఇలా బయలుదేరిన పడుచు ప్రాణే.

ఆ దారిలోనే అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగ ఉంటుంది. ఒక్క రాత్రిలో వేరుశనగ చేను తుడిచిపెట్టుకుపోతే రైతు కడుపు ఎంత మండుతుందో మేమెరుగుదుము. కాని ఆ తీగకు పందీ పులీ తేడా తెలియదు. రాత్రివేళ మోటారు వేయడానికి వెళ్లిన పొరుగు రైతూ తెలియడు. అనుమతి లేకుండా నలుగురు నడిచే బాటలో గొయ్యి తవ్వినవాడు, అందులో ఎవరైనా పడి మరణిస్తే పరిహారం చెల్లించాలని మన ఫిఖ్‌హ్ గ్రంథాలు నిర్ణయించాయి. చంపే ఉద్దేశం లేదన్నంత మాత్రాన అతనికి విడుదల లేదు. కరెంటు తీగకూ ఇదే వర్తిస్తుందని మా అభిప్రాయం.

వంతులవారీగా రాత్రి కాపలా కాయడం శ్రమే. అయినా ఈసారి విత్తనాలు వేసే ముందే, చేలగట్ల మీద ఇరుగుపొరుగు రైతులతో కూర్చుని ఆ వంతులు నిర్ణయించుకోండి.