హామీ ఎవరికి?

తొలకరి కురియగానే మా వజ్రకరూరు పొలాలలో ఎందరో వజ్రాలు వెదకుతారు. దొరకకుంటే ఆ నష్టం వారిదే. ప్రభుత్వంతో చేయి కలిపే ప్రైవేటు పెట్టుబడిదారులు మాత్రం అంతటి సాహసులు కారు! పొరుగున కర్నూలు-కడప కాలువను 1860వ దశకంలో త్రవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. దాని పది లక్షల పౌండ్ల మూలధనానికి నూటికి అయిదు వడ్డీ ఇప్పిస్తామని సర్కారు హామీ పడింది. ఆశించిన ఆయకట్టు ఏర్పడలేదు. అయినా వాటాదారుల వడ్డీకి లోటు రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చింది.

నేడు మా మండలంలోని రాగులపాడు వద్ద కృష్ణా జలాలను ఎత్తిపోస్తున్న హంద్రీ-నీవా ప్రజాధనంతో వెలసినదే. ఇకముందు పిల్లకాలువలకు ప్రైవేటు భాగస్వాములు వస్తామంటే మేము వద్దనము. కాని రాబడికి హామీ కోరువారు, చివరి మడికి నీరందిస్తామని తామును హామీ వ్రాసి ఇవ్వాలి. అట్టి షరతు లేని ఒప్పందానికి మేము సమ్మతింపజాలము.